పడుకోబెట్టిన బాలుడు

ఇర్వింగ్,
జనవరి 6, 2026
ముగ్గురు రాజుల పండుగ

తమ్ముడు ఇన్నారెడ్డికి,

మీరు చాండ్లర్ చేరినట్టు మెసేజ్ చూశాను. ఫోన్ చేసి చెప్పదగ్గ సంగతే గానీ, నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. నేను మాట్లాడేదంతా హైమ వింటుంది. మెయిల్ బాక్స్ తాళం నీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చదివి నీ దగ్గరే ఉంచుకో.

మీ బావ నువ్వు చూసి వెళ్ళినట్టే ఉన్నాడు. కుడి చెయ్యి లేవడం లేదు. మాట ఒకటో రెండో ముక్కలు. యమిలెత్ తినిపిస్తే తింటాడు, నేను తినిపిస్తే మూతి తిప్పుకుంటాడు. జీవితమంతా నర్సు పని చేసి, నా మొగుడికి నేను పనికిరాకుండా పోయాను. ఆ వెనెజులా పిల్ల వచ్చాకే ఆయన లేచి కూర్చున్నాడు, అది ఒప్పుకోవాలి. ఆమె మానేస్తే ఆయన్ని నర్సింగ్ హోమ్‌లో పెట్టడమే. నా నడుము ఆయన్ని ఎత్తలేదు.

ఇక అసలు సంగతి. క్రిస్మస్ పాకలో బాలయేసు లేడు.

అమ్మ ఇచ్చిన చెక్క స్వరూపం. కాలి బొటనవేలు విరిగినది. నిన్న పొద్దున దీపం పెట్టడానికి వెళితే తొట్టిలో గడ్డి ఉంది, ఆయన లేడు. మరియమ్మ ఉంది, జోజప్ప ఉన్నాడు, గొర్రెలు ఉన్నాయి. అమ్మ పద్ధతి నీకు తెలుసు. కొవ్వొత్తుల పండుగ దాకా పాక విప్పకూడదు, బాలుణ్ణి గడ్డి మీద నుంచి కదపకూడదు. ఫిబ్రవరి రెండున గుడిలో కొవ్వొత్తులు ఆశీర్వదింపించుకుని వచ్చాకే పెట్టెలో పెట్టాలి. రెంటచింతలలో అలాగే చేశాం, ఇక్కడా ఇన్నేళ్ళూ అలాగే చేశాను.

మీరున్న రోజుల్లో హైమ ఆ పాక దగ్గరికి చాలాసార్లు వచ్చింది. "వదినా, ఇది యాంటిక్ అయి ఉంటుంది, ఇక్కడ ఇలాంటిది ఎంత వెతికినా దొరకదు" అంది. ఇంకోసారి "మా అమ్మాయి అనన్య ఇంట్లో పెట్టుకోవడానికి ఇలాంటిది ఒకటి ఉంటే బావుండేది" అంది. మీరు ఆదివారం వెళ్ళారు. సోమవారం బాలుడు లేడు.

నేను ఎవర్నీ అనడం లేదు. సామాన్లలో పొరపాటున కలిసిందేమో ఒకసారి చూడు.

మీ అక్క,
ఫిలోమిన

*

చాండ్లర్,
జనవరి 10

అక్కా,

ఉత్తరం అందింది. ఎవర్నీ అనడం లేదంటూనే అనవలసిందంతా అన్నావు. నీ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

హైమ హిందువుల ఇంట్లో పుట్టింది కాబట్టి మన బాలయేసును బొమ్మలా చూస్తుందని నీకు మొదటి నుంచీ ఓ అనుమానం. పెళ్ళయిన దగ్గర నుంచీ ఆమె నాతో చర్చిలో పూజకి వస్తూనే ఉంది. యాంటిక్ అంటే దొంగిలిస్తానని కాదు, బాగుందని. ఈ తేడా నీకు ఎప్పటికి తెలుస్తుందో.

కోపం తెచ్చుకోకుండా ఒక మాట విను. నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉండవచ్చు. మేము అక్కడ ఉన్నప్పుడు కారు తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. బావని చూసుకుంటూ నీకు నిద్ర ఉండటం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఒకసారి మెమరీ టెస్ట్ చేయించుకో. ఇక్కడ అందరూ చేయించుకుంటున్నారు, అవమానమేమీ కాదు.

ఇక్కడ నారింజలు విరగకాశాయి. పక్కింటి వాళ్ళు కోసుకోరు, మమ్మల్ని కోసుకోనివ్వరు, కింద పడి కుళ్ళిపోతున్నాయి. నేను పనిచేసిన చిప్ ప్లాంట్‌లో మళ్ళీ ఉద్యోగాలు తీసేస్తున్నారట. నేను ముందే రిటైర్ అవడం మంచిదయింది.

నీ ఉత్తరం హైమ చూడలేదు. ఎవరు రాశారని మాత్రం అడిగింది. ఇన్సూరెన్స్ వాళ్ళని చెప్పాను.

ఇన్నారెడ్డి

*

ఇర్వింగ్,
జనవరి 14

ఇన్నారెడ్డీ,

కారు తాళాలు బియ్యం డబ్బాలో వేసింది మీ బావ, ఎడమ చేత్తో. నా మతి బాగానే ఉంది. ప్రతి మందు పేరూ, ఎంత ఇవ్వాలో కూడా చూడకుండా చెప్పగలను. నువ్వు చెప్పగలవా?

ఇల్లంతా వెతికాను. వాషింగ్ మెషీన్ వెనక, అటక మీద, బావ మంచం కింద, చెత్త సంచుల్లో కూడా. లేదు.

ఇప్పుడు నాకు రెండు సంగతులు అర్థం కావడం లేదు, నీకే రాస్తున్నాను. మొదటిది, మీ బావ. ఖాళీ తొట్టి తెచ్చి "బాలుడేడీ" అని అడిగాను. నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన ఏడవవలసిన చోట నవ్వుతాడు, నవ్వవలసిన చోట ఏడుస్తాడు, అది మెదడు దెబ్బ వల్ల. కానీ ఈ నవ్వు అది కాదు. చీట్లపేకలో ముక్క దాచుకున్నప్పుడు నవ్వేవాడు చూడు, ఆ నవ్వు.

రెండోది, యమిలెత్. ఆమెనీ అడిగాను. నిన్ను అనడం లేదు, చూశావా అని మాత్రమే అడిగాను. తల వంచుకుని గిన్నెలు తోముతూ, "ఏమో మమీ, బాలుడికి నడక వచ్చిందేమో. మీరు వెతకడానికి వెళ్ళరా?" అంది. వెతికాను కదా అన్నాను. "ఇంట్లో కాదు, బయట" అంది. దొంగతనం జరిగిన ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? నిన్న మళ్ళీ తనే, "ఎప్పుడు వెళ్తారు మమీ? పండుగ దగ్గరికొస్తోంది" అని అడిగింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. కొత్త సంవత్సరం మర్నాడు, మీరంతా షాపింగ్‌కి వెళ్ళినప్పుడు, ఆమె పాక ముందు నిలబడి "ఇంకా పడుకునే ఉన్నాడా" అని నాలుక చప్పరించింది. పడుకోక పసిబిడ్డ ఏం చేస్తాడు అన్నాను. తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళింది.

ఆమె మన కాథలిక్కే. మెడలో మేరీమాత పతకం ఉంటుంది. అందుకే పనిలో పెట్టుకున్నాను. పతకం ఉన్నంత మాత్రాన మంచివాళ్ళని చెప్పలేంలే, మన ఊరి పెద్దమనుషులందరికీ ఉండేవి.

ఆమె మీద అనుమానం పడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే నువ్వు ముందు నీ ఇల్లు చూడు అంటున్నాను.

ఫిలోమిన

*

చాండ్లర్,
జనవరి 18

అక్కా,

నీ మాట విని చెయ్యకూడని పని చేశాను.

హైమ చర్చి ఆడవాళ్ళ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు ఆమె సూట్‌కేస్ తెరిచాను. మొత్తం దులిపాను. బాలయేసు లేడు. చీరలు మళ్ళీ మడత పెట్టడం నాకు రాదు. ఆమె వచ్చి చూసి, "ఏం వెతికారు?" అంది. అబద్ధం చెప్పబోయాను, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇర్వింగ్ నుంచి ఉత్తరాలు రాస్తారా అని అడిగింది. కవరు మీద నీ చేతిరాత ఆమెకి తెలియదనుకోవడం నా తెలివితక్కువ.

అప్పటి నుంచీ నాతో మాటల్లేవు. వండిపెడుతోంది, వడ్డించడం లేదు. నా కంచం ఎదురుగా తన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి పెడుతోంది, "ఇది కూడా చూసుకోండి" అని.

మా ఇంట్లో లేదని తేలింది కదా. ఇక మిగిలింది ఎవరు? ఆ యమిలెత్ మాటలు నువ్వు రాసినవి చదివితే చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది. పాత చెక్క విగ్రహాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఉన్నారు. నువ్వు వెతకడానికి వెళ్తావా అని అడగడం ఎందుకంటే, నువ్వు బయటికి వెళ్తే ఇంకేం తీయవచ్చో చూసుకోవడానికి. నీ పాత ఫోన్ ఉంది కదా, దాన్ని పుస్తకాల మధ్య పెట్టి వీడియో ఆన్ చెయ్. రుజువు దొరికాక పోలీస్ కంప్లైంట్ ఇవ్వు. ఆమె ఇమిగ్రేషన్ పేపర్లు ఏ స్థితిలో ఉన్నాయో కూడా కనుక్కో. ఆ మాట ఎత్తితే చాలు, వస్తువు దానంతటదే వెనక్కి వస్తుంది.

ఇన్నారెడ్డి

వదినా, హైమని. ఆయన కవరు అంటించకుండా బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళారు, చదివాను. నేను తీయలేదు. మీరు అడిగి ఉంటే ఆ రోజే నా సూట్‌కేస్ మీ ముందు తెరిచేదాన్ని. ఆ అమ్మాయి పేపర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. అది మనుషులు చేసే పని కాదు.

*

ఇర్వింగ్,
జనవరి 24

తమ్ముడూ,

ఐస్ పడింది. ఓవర్‌పాస్‌లన్నీ మూసేశారు. ఈ ఉత్తరం ఎప్పుడు పోతుందో తెలియదు, అయినా రాస్తున్నాను, రాయకపోతే నిద్ర పట్టదు.

నువ్వు చెప్పినట్టే ఫోన్ పెట్టాను. నేను గ్రోసరీకి వెళ్ళి వచ్చి చూశాను. యమిలెత్ మీ బావని వీల్‌చైర్‌లో పాక దగ్గరికి తోసుకొచ్చింది. ఒక కొవ్వొత్తి వెలిగించి ఖాళీ తొట్టి ముందు పెట్టింది. ఏదో పాట పాడింది. మీ బావ ఎడమ చేత్తో తాళం వేశాడు. పాట అయ్యాక ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆయనా పెట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వారు. కొవ్వొత్తి ఆర్పి, కరిగిన మైనం గోటితో గీకి తీసేసింది.

ఆ గీకడం చూసి నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నా మొగుడితో, నాకు తెలియకుండా.

నిన్న పొద్దున రాగానే అడిగాను. "నీ దగ్గరే ఉంది, నాకు తెలుసు. తెచ్చి ఇస్తావా, పోలీసుల్ని పిలవనా?" అన్నాను. పేపర్ల మాట ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేకపోయింది. పోలీస్ అన్న మాటకే ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. నేను ఆస్పత్రిలో చాలా ముఖాలు చూశాను, అది దొంగ ముఖమో భయపడ్డ ముఖమో చెప్పలేకపోయాను. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. మీ బావ దగ్గరికి వెళ్ళి నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. గుమ్మం దగ్గర ఆగి, "మేము రోజూ ఎదురు చూశాం మమీ. మీరు రాలేదు" అని వెళ్ళిపోయింది.

మీ బావ నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు. నోరు గట్టిగా బిగిస్తున్నాడు. పొద్దున ఆయన్ని మంచం మీద నుంచి దించబోయి ఇద్దరం కింద కూర్చుండిపోయాం. పక్కింటి వాళ్ళు వచ్చి లేపారు. నర్సింగ్ హోమ్ వాళ్ళకి ఫోన్ చేశాను. వచ్చే నెల మొదటి వారంలో గది ఖాళీ అవుతుందన్నారు. ఉంచమని చెప్పాను.

స్వరూపం పోయింది, మనిషీ పోయింది. నేను చేసింది సరైనదేనా? ఇంకెవర్నీ అడగలేక నిన్ను అడుగుతున్నాను.

ఫిలోమిన

*

చాండ్లర్,
జనవరి 29

అక్కా,

నువ్వు చేసింది సరైనదే. ఇంట్లో దొంగని పెట్టుకుని ఎవరూ నిద్రపోలేరు.

ఒక్క మాట నన్ను కలవరపెడుతోంది. "మేము ఎదురు చూశాం" అందా? మేము అంటే ఆమె ఒక్కతే కాదు. వెనక ఇంకెవరో ఉన్నారు. నువ్వు ఇల్లు వదిలి బయటికి రావాలని వాళ్ళు ఎదురు చూశారు. వెంటనే తాళాలు మార్పించు. గరాజ్ డోర్ కోడ్ కూడా మార్చు.

నర్సింగ్ హోమ్ గురించి బాధపడకు. అక్కడ ఫిజికల్ థెరపీ ఉంటుంది. బావ తిండి మొండితనం వాళ్ళు చూసుకుంటారు.

హైమ ఇంకా మాట్లాడటం లేదు. నిన్న మాత్రం నీ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని చదివి, తిరిగి ఇస్తూ అంది: "సొత్తు పోగొట్టుకున్న మనిషి రాలేదని బాధపడే దొంగని ఎక్కడైనా చూశారా? మీ అక్కగారూ మీరూ కలిసి ఆ దేశం వాళ్ళని ఒక్కర్నైనా అడిగారా?" తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె మాట నీకు అందజేయడం వరకే నా పని.

ఇన్నారెడ్డి

*

ఇర్వింగ్,
ఫిబ్రవరి 4

ఇన్నారెడ్డికి, హైమకి,

ఈ ఉత్తరం ఇద్దరూ చదవండి.

సోమవారం కొవ్వొత్తుల పండుగ. సాయంత్రం పూజకి బావని కూడా తీసుకెళ్ళాను. వ్యాన్ మాట్లాడుకున్నాను. పాక ఖాళీగా ఉంటే ఏమిటి, కొవ్వొత్తి తెచ్చుకోవాలి కదా. గాలివానప్పుడు వెలిగించడానికీ, ప్రాణం పోయేవాళ్ళ చేతిలో పెట్టడానికీ మన ఇళ్ళల్లో ఆ కొవ్వొత్తి ఉండాల్సిందే.

గుమ్మం దగ్గర కొవ్వొత్తులు పంచే ముసలామెది వెనెజులా అని మాటల్లో తెలిసింది. కొండల ప్రాంతమట. హైమ మాట గుర్తొచ్చి అడిగాను. మీ దేశం అమ్మాయి ఒకామె మా ఇంట్లో బాలయేసును తీసింది, ఎందుకు తీసి ఉంటుంది అని. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంట్లో బాలుడు పడుకుని ఉన్నాడా?" అంది. అవునన్నాను. "కొత్త సంవత్సరం వచ్చాక కూడానా?" అంది. అవునన్నాను. "అయితే తీయకుండా ఎలా ఉంటారు?" అంది.

వాళ్ళ కొండల్లో కొత్త సంవత్సరం రోజు నుంచి బాలుణ్ణి నిలబెట్టాలట. పడుకుని కనిపిస్తే ఇరుగుపొరుగు వాళ్ళు గుట్టుగా ఎత్తుకుపోతారు. ఎత్తుకుపోయినవాళ్ళు చెప్పకూడదు. ఆ ఇంటి వాళ్ళు చుట్టాల్ని వెంటబెట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుతూ వెతకడానికి రావాలి. ఎత్తుకుపోయినవాళ్ళు కొత్త బట్టలు తొడిగి, వంటలు చేసి ఎదురు చూస్తారు. దొరికాక నలుగురు ఒక రుమాలు నాలుగు కొసలూ పట్టుకుని బాలుణ్ణి మోసి తెచ్చి నిలబెడతారు. ఇదంతా కొవ్వొత్తుల పండుగ లోపల జరగాలి. చివర్న ఆమె ఇంకొకటి చెప్పింది. "పరాయి వాళ్ళ ఇంట్లో ఎవరూ తీయరు. చుట్టం అనుకున్న ఇంట్లోనే తీస్తారు."

పూజలో ఏం చదివారో నాకు గుర్తులేదు.

వ్యాన్ డ్రైవర్‌ని బతిమాలి యమిలెత్ ఉండే అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్ళమన్నాను. ఆశీర్వదించిన కొవ్వొత్తి వెలిగించుకుని, బావని తోసుకుంటూ వెళ్ళాను. గాలికి రెండుసార్లు ఆరింది. కిటికీలో వెలుతురు కనిపించింది, లోపల మాటలు వినిపించాయి. తలుపు తట్టాను. వెంటనే లైటు ఆరిపోయింది. మాటలు ఆగిపోయాయి.

మళ్ళీ తట్టాను. లోపల ఎవరూ కదల్లేదు. ఆ తలుపు అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. ఎందుకు బిగబట్టారో కూడా తెలుసు. పోలీసు మాట ఆ ఇంటికి తెచ్చింది నేనే. వాళ్ళ పాట నాకు రాదు. మన బాలయేసు పాట ఒకటి, అమ్మ పాడేది, తెలుగులోనే ఎత్తుకున్నాను.  మీ బావ మధ్యలో "యమీ" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

తలుపు గొలుసు వేసే ఉంది, సందులోంచి ఆమె చూసింది. మొదట అడిగిన మాట, "ఇంకెవరైనా ఉన్నారా మమీ, బయట?"

లేరన్నాను. వ్యాన్ డ్రైవర్ ఉన్నాడు, నల్లటి కుర్రాడు, అతన్నీ చూపించాను. అప్పుడు గొలుసు తీసింది.

బాలుడు వాళ్ళ బల్ల మీద ఉన్నాడు. పసుపు ఊలు అంగీ అల్లి తొడిగింది. నిలబెట్టడానికి వెనక చెక్క ముక్క ఒకటి ఆనించింది. వంటలు ఆ గొడవకి ముందే చేసి, ఎవరూ రాకపోతే ఫ్రీజర్‌లో పెట్టారట. వాళ్ళ అక్క, అక్క మొగుడు గోడకి ఆనుకుని నిలబడే ఉన్నారు, మేము ఉన్నంతసేపూ కూర్చోలేదు. నేను చేతులు జోడించాను. తెలియదమ్మా, మా ఊళ్ళో పండుగ దాకా పడుకోబెట్టే ఉంచుతాం అన్నాను. "మీరు కాథలిక్కులే కదా, తెలిసే ఉంటుందనుకున్నాను" అంది. "నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను, మీరు పోలీసుల మాట ఎత్తిన ఆ శుక్రవారం దాకా."

రుమాలు నాలుగు కొసలూ ఆమె, నేను, వాళ్ళక్క, మీ బావ ఎడమ చెయ్యి. డ్రైవర్ వీల్‌చైర్ తోస్తుంటే వ్యాన్ దాకా అలాగే తెచ్చాం. పనికి వస్తావా అని అడిగాను. బుధవారం వస్తానంది. ఈ రోజు వచ్చింది. బావ తిన్నాడు. నర్సింగ్ హోమ్ గది వద్దని చెప్పాను.

హైమా, నీ గురించి నేను అనుకున్నది తప్పు. అడగకుండా అనుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు. ఈ మాట నీ పేరు మీద రాయవలసింది, ఇన్నారెడ్డి చాటున కాదు. ఇక నుంచి నీ పేరు మీదే రాస్తాను.

ఫిలోమిన

*

చాండ్లర్,
ఫిబ్రవరి 9

అక్కా,

చదివాం. హైమ రెండుసార్లు చదివింది. రాత్రి నాకు వడ్డించింది.

ఇలాంటి ఆచారం ఒకటి ఉంటుందని ఎవరు ఊహిస్తారు? చెప్పకుండా వస్తువు తీస్తే ఏ దేశంలోనైనా అనుమానం వస్తుంది. నిన్ను నువ్వు తిట్టుకోకు. బాలుడు దొరికాడు, బావ తింటున్నాడు, ఆ అమ్మాయి పనిలోకి వచ్చింది. అందరికీ మంచే జరిగింది. దీన్ని ఇంతటితో మర్చిపో.

తాళాలు మార్చావా లేదా రాయలేదు. మార్చకపోయినా ఇప్పుడు పరవాలేదనుకుంటాను. అయినా గరాజ్ కోడ్ మారిస్తే నష్టం లేదు.

ఇన్నారెడ్డి

*

ఇర్వింగ్,
ఫిబ్రవరి 14

హైమకి,

నీ పేరు మీద రాస్తానన్నాను కదా. కవరు మీద నీ పేరే రాశాను, ఇన్నారెడ్డి తెరిస్తే చెప్పు.

మీ ఆయన అందరికీ మంచే జరిగిందని రాశాడు. ఒక రకంగా నిజమే. మీ అన్నయ్యగారు ఇప్పుడు చెంచా తనే పట్టుకుంటున్నారు. యమిలెత్ మునుపటిలాగే పాడుతుంది, ఆయన్ని నవ్విస్తుంది, నన్ను మమీ అనే పిలుస్తుంది. పనిలో ఏ లోటూ లేదు. ఆయన గదిలోకి మాత్రం తలుపు వారగా తెరిచి పెట్టే వెళ్తుంది. నేను ఫోన్ పెట్టిన పుస్తకాల అల్మారా వైపు చూడదు. ఆ ఫోన్ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. ఎలా తెలిసిందో అడగలేను.

ఒక సంగతి మీ ఆయనకి రాయలేదు. రాస్తే పోనీలే అంటాడు. నువ్వైతే అనవు.

సాయంత్రం వెళ్ళేముందు ఆమె వంటింటి బల్ల దగ్గర ఆగుతుంది. సంచి విప్పి ఒక్కొక్కటీ తీసి పెడుతుంది. అన్నం డబ్బా, స్వెట్టర్, తల దువ్వెన, జపమాల. చివరికి ఖాళీ సంచి తిరగేసి దులుపుతుంది. నేను అడగలేదు. మొదటి రోజు వద్దన్నాను. మర్నాడు చెయ్యి పట్టుకుని వద్దన్నాను. కోపం లేదు ఆమెకి, నవ్వుతూనే చెయ్యి విడిపించుకుని మిగతావి తీసి పెట్టింది. నిన్న ఆ సమయానికి నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. వెళ్ళిపోతుందిలే అనుకున్నాను. వాళ్ళక్క మొగుడి కారు బయట హారన్ కొట్టింది, ఆగి మళ్ళీ కొట్టింది. ఆమె కోటు వేసుకుని బల్ల దగ్గరే నిలబడి ఉంది.

నేను బయటికి వచ్చి చూశాను. చూశాకే వెళ్ళింది.

ఫిలోమిన వదిన